షోపాఁ: ఇంటిపేరు, దేశం

ఇంగ్లీషు అక్షరాల మీదుగా మనదాకా వచ్చిన పరదేశపు పేర్లలో పోలిష్ సంగీతకర్త షోపాఁ పేరు ఒకటి. ఆ అక్షరాలను చూసి 'చోపిన్' అని చదివేవారు మనలో చాలామంది. ఫ్రెంచి తెలిసినవారు చివరి అచ్చును ముక్కుతో పలికి 'షోపాఁ' అంటారు. మనం వాడుకలో వదిలేసిన అరసున్న ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. పోలండ్ ప్రజలు మాత్రం 'షోపెన్' అంటారు. ఏ ఉచ్చారణ ఒప్పు అన్నదాని కంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఒక పేరు మరో భాషలోకి వెళ్లినప్పుడు దాని అర్థంలో ఏది నిలుస్తుంది, ఏది రాలిపోతుంది? మన ఆలంకారికులు శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు వృత్తులు చెప్పారు. ఆ మూడింటితోనూ ఈ పేరును పరిశీలించి చూద్దాం.

మొదట అభిధ. ఈ ఇంటిపేరు పుట్టుకతో పోలిష్ పేరు కాదు. తండ్రి నికొలా షోపాఁ 1771లో లొరేన్ ప్రాంతంలోని మరాన్‌విల్ అనే పల్లెలో, బండిచక్రాలు చేసే పనివాడి ఇంట పుట్టాడు. 1787లో పోలండ్ చేరాడు. 1794లో కొష్చూష్కో నాయకత్వాన తిరుగుబాటు చెలరేగినప్పుడు వార్సా పౌరదళంలో చేరాడు. తర్వాత ఫ్రెంచి పాఠాలు చెప్పుకుంటూ యుస్తీనా అనే పోలిష్ స్త్రీని పెళ్లాడాడు. వారి కొడుకు ఫ్రిదెరిక్ 1810లో వార్సాకు దగ్గరలోని జెలజోవా వోలా గ్రామంలో పుట్టాడు.

ఇక మాట సంగతి. ఫ్రెంచిలో 'షోపీన్' అంటే సుమారు అర లీటరు పట్టే పాత ద్రవమానం. స్కాట్లండ్ ఆ మాటను తీసుకుని తన పింటులో సగానికి పేరుగా పెట్టుకుంది. ఇంటిపేరుకు ఈ మాటే మూలమని చెప్పేవారున్నారు. 'హామ్లెట్' నాటకంలో దాదాపు ఇలాగే వినిపించే మాట ఒకటి వస్తుంది. అది అడుగు బాగా ఎత్తుగా ఉండే ఆడవాళ్ల చెప్పుకు పేరు, స్పానిష్ నుంచి వచ్చింది, దానికీ దీనికీ చుట్టరికం లేదు. నిఘంటువు చెప్పగలిగింది ఇంతే. ఆ సంగీతాన్ని కొలవడానికి అర లీటరు పాత్ర పనికిరాదు కదా!

రెండోది లక్షణ. 'గంగలో గొల్లపల్లె' అంటే గంగ ఒడ్డున ఉన్న పల్లె అని గ్రహిస్తాం. ఇంగ్లీషులో 'ఆమె షోపాఁ వాయించింది' అన్నప్పుడు కూడా జరిగేది అదే. మనిషి పేరు ఆయన రచనకు చెల్లుతుంది. 'శ్రీశ్రీని చదివాను' అని మనమూ అంటాం. అమెరికన్ రచయిత్రి కేట్ షోపాఁ 1899లో ప్రచురించిన 'ది అవేకెనింగ్' నవలలో ఒక పాత్ర పియానో మీద షోపాఁ ఇంప్రాంప్టూ వాయిస్తుంది. రచయిత్రి ఇంటిపేరు, సంగీతకర్త ఇంటిపేరు ఒకటే. అయినా నవల చదివేవాడు తికమక పడడు. ఇంగ్లీషులో ఒంటరిగా నిలిచిన ఆ పేరు అప్పటికే ఒక సంగీతానికి పేరైపోయింది.

ఈ వాడుకలో సౌలభ్యం ఉంది, ప్రమాదమూ ఉంది. పేరు రచనకు చెల్లినంత సులువుగా సరుకుకూ చెల్లుతుంది. లండన్‌లో ఆయన రచనలను అచ్చువేసిన వెసెల్ అనే ప్రచురణకర్త తొలి నాక్టర్న్‌లకు 'సీన్ నది గుసగుసలు' అన్న అర్థం వచ్చే ఫ్రెంచి శీర్షిక తగిలించాడు. ఈ తగిలింపు పేర్లు చూసి షోపాఁ మండిపడ్డాడు. ఆయన తన రచనలకు పెట్టుకున్న పేర్లు వేరు: మజుర్కా, పొలొనేజ్. మజుర్కా ఆయన పుట్టిన మజోవియా ప్రాంతపు నృత్యం. పొలొనేజ్ అంటే ఫ్రెంచిలో 'పోలండ్‌ది' అనే అర్థం. ఇంగ్లీషు ఈ మాటలను తీసుకుంది. వాటిలో ఉన్న నేలను మాత్రం డ్రాయింగు రూముల్లో తరచు మరిచిపోయింది.

ఆ నేలే ఈ పేరుకు వ్యంగ్యార్థం. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా సామ్రాజ్యాలు 1772, 1793, 1795 సంవత్సరాల్లో పోలండ్‌ను పంచుకున్నాయి. షోపాఁ 1830 నవంబరు 2న వార్సా విడిచాడు. అదే నెల 29న జారు పాలనపై తిరుగుబాటు మొదలైంది. 1831లో దాన్ని అణచివేశారు. ఆయన మళ్లీ స్వదేశం చూడలేదు. 1848 నవంబరులో లండన్ గిల్డ్‌హాలులో ఆయన చేసిన చివరి బహిరంగ కచేరీ పోలిష్ శరణార్థుల సహాయం కోసమే. 1849లో పారిస్‌లో మరణించాడు. దేహం అక్కడే ఉంది. గుండెను మాత్రం అక్క లుద్వికా వార్సాకు చేర్చింది.

సామ్రాజ్యవాదులకు ఈ వ్యంగ్యార్థం బాగానే తెలుసు. 1863 తిరుగుబాటు రోజుల్లో జారు సైనికులు వార్సాలోని ఒక భవనాన్ని కొల్లగొడుతూ షోపాఁ పియానోను కిటికీలోంచి వీధిలోకి విసిరేశారు. 1940లో నాజీలు వార్సాలోని ఆయన విగ్రహాన్ని పేల్చివేశారు. ఆక్రమిత పోలండ్‌లో ఆయన సంగీతం బహిరంగంగా వినిపించకుండా చేశారు. ఆ సంగీతం వట్టి వినోదమే అయితే వాళ్లకు ఈ శ్రమ దేనికి? విగ్రహాన్ని 1958లో ప్రజలు మళ్లీ నిలుపుకున్నారు.

1863 నాటి ఆ పియానో మీద నోర్విద్ అనే కవి ఒక కావ్యం రాశాడు. దాని శీర్షికలో ఈ ఇంటిపేరును పోలిష్ వర్ణక్రమంలో, పోలిష్ షష్ఠీ విభక్తితో 'షోపెనా' అని రాశాడు. వార్సా విమానాశ్రయానికి 2001లో ఆయన పేరు పెట్టినప్పుడు కూడా ఫ్రెంచి వర్ణక్రమానికి అదే విభక్తి చేరింది. ఒక భాష పరాయి పేరును తనది చేసుకునే పద్ధతి ఇదే. పేరును దాచుకోదు, తన విభక్తులు చేర్చి రోజూ వాడుకుంటుంది.

ఇంటిపేరు అడిగి మనిషి కులం ఆరా తీసే సమాజం మనది. ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో చూసి మనిషి ఎవరివాడో తేల్చేవారికి ఈ చరిత్ర సమాధానం చెబుతుంది. చక్రాలు చేసే పనివాడి మనవడు, ఫ్రెంచి పేరు గలవాడు, 1835 నుంచి చట్టరీత్యా ఫ్రెంచి పౌరుడు. అయినా పోలండ్ ఆయనను తనవాడనుకుంది, ఆయనా పోలండ్‌ను వదులుకోలేదు. కనుక మన పత్రికల్లో ఈ పేరును చోపిన్ అని రాసినా, షోపాఁ అని రాసినా, పక్కన పోలండ్ అన్న మాట రాయడం మానకూడదు.