ఎమ్‌మ్యాప్ మార్పుల సమీక్ష: ఒక ఆచారం ఏర్పడిన క్రమం

కంప్యూటర్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాముకూ ఆపరేటింగ్ సిస్టమ్ తనవంటూ కొన్ని ఊహా చిరునామాలు కేటాయిస్తుంది. ఆ చిరునామాలు నిజమైన మెమరీలో ఎక్కడికి చేరాలో నిర్ణయించే అధికారం కెర్నెల్‌ది, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను నేరుగా ఏలే అంతర్భాగానిది. సాధారణంగా 4,096 బైట్ల పేజీలుగా విడగొట్టిన ఈ మెమరీలో కొంత భాగాన్ని, లేదా ఒక పరికరానికి చెందిన మెమరీని, ప్రోగ్రాము తన చిరునామాల్లోనే చదివి రాసుకొనేలా కలపడాన్ని మెమరీ మ్యాపింగ్ అంటారు. యూనిక్స్ కుటుంబంలో ఆ పని చేసే పిలుపు పేరు ఎమ్‌మ్యాప్. సెకనుకు లక్షల చుక్కలు మార్చవలసిన గ్రాఫిక్స్‌కు ఇది ప్రాణాధారం. అయితే కెర్నెల్ కాపలాను దాటి పోయే దారి కూడా ఇదే కనుక, గ్రాఫిక్స్ డ్రైవర్‌లో, అంటే గ్రాఫిక్స్ పరికరాన్ని నడిపే కెర్నెల్ కోడ్‌లో, మ్యాపింగ్‌కు సంబంధించి పది వరుసలు మారినా మరొకరు చదివి ఒప్పుకున్న తర్వాతే ఆ మార్పును స్వీకరించే ఆచారం స్థిరపడింది. అలా చదివేవారు అడిగే ప్రశ్నల్లో దాదాపు ప్రతిదాని వెనకా ఒక ప్రమాదమో ఒక అపార్థమో ఉంది; ఆ ప్రశ్నలు మనుషుల జ్ఞాపకంలోంచి క్రమంగా ఉమ్మడి కోడ్‌లోకి చేరుతూ రావడమే ఈ ఆచారపు చరిత్ర.

ఒకరు రాసిన ప్రోగ్రామును మరికొందరు కూర్చుని వరుసవరుసగా పరీక్షించే పద్ధతిని ఐబీఎం ఇంజినీరు మైకేల్ ఫేగన్ 1976లో శాస్త్రీయంగా వివరించాడు కానీ, యూనిక్స్ లోకంలో అలాంటి సమావేశాల సంప్రదాయం బలంగా లేదు. ఎమ్‌మ్యాప్ మొదట కాగితం మీదే పుట్టింది: 1983 నాటి 4.2 బీఎస్‌డీ పత్రాల్లో దాని వర్ణన ఉంది, అమలు లేదు. సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీర్లు 1987లో తమ కొత్త మెమరీ నిర్మాణాన్ని వివరించి, 1988 నాటి సన్‌ఓఎస్ 4.0లో దాన్ని అమలు చేశారు. సన్ వర్క్‌స్టేషన్ల తెర మెమరీని ప్రోగ్రాములు నేరుగా చూడడానికి వాడిన మార్గం ఇదే. సన్ పద్ధతిలో డ్రైవర్ చేయవలసిన పని చాలా చిన్నది: కెర్నెల్ ఒక ఆఫ్‌సెట్‌ను, అంటే పరికరం మొదటి నుంచి ఎంత దూరమో చెప్పే అంకెను ఇస్తే, అక్కడ ఉన్న పేజీ సంఖ్య తిరిగి చెప్పాలి, హద్దు దాటితే కాదనాలి. ఈ విషయంలో సమీక్షకుల తొలి ప్రశ్న, ఇప్పటికీ మొదటి ప్రశ్న, హద్దు సరిగా చూశారా అన్నదే.

వ్యక్తిగత కంప్యూటర్ల మీద ఈ క్రమశిక్షణ చాలాకాలం కనిపించదు. ఎక్స్ సర్వర్ అనే తెర నిర్వహణ ప్రోగ్రాము పూర్తి అధికారాలతో నడుస్తూ, భౌతిక మెమరీ మొత్తాన్ని ఒక ఫైలులా చూపించే డెవ్‌మెమ్ అనే ద్వారం గుండా గ్రాఫిక్స్ కార్డును తానే మ్యాప్ చేసుకొనేది. కెర్నెల్‌లో డ్రైవరే లేనప్పుడు సమీక్షించడానికీ ఏమీ లేదు. భద్రతకు పేరుపడిన ఓపెన్‌బీఎస్‌డీ ఈ ద్వారాన్ని ఇరుకు చేసి, ఎక్స్ కోసం మాత్రం అపెర్చర్ అనే చిన్న కిటికీ తెరిచింది. 2006లో ఫ్రెంచ్ పరిశోధకుడు లోయిక్ డ్యుఫ్లో ఆ కిటికీ సందులోంచే ప్రాసెసర్‌లోని అత్యున్నత అధికార స్థితిని చేజిక్కించుకోవచ్చని నిరూపించాక, గ్రాఫిక్స్‌ను కెర్నెల్ బయట ఉంచితే కెర్నెల్ క్షేమంగా ఉంటుందన్న భరోసా నిలబడలేదు.

అప్పటికే మార్పు మొదలైంది. మూడు కొలతల చిత్రాలు గీసే కార్డులను అనేక ప్రోగ్రాములు ఒకేసారి వాడవలసి రావడంతో, ప్రెసిషన్ ఇన్‌సైట్ సంస్థ 1999 ప్రాంతంలో లైనక్స్ కోసం డైరెక్ట్ రెండరింగ్ మేనేజర్, సంక్షిప్తంగా డీఆర్‌ఎమ్, అనే కెర్నెల్ భాగాన్ని నిర్మించింది. కార్డు మెమరీని పంచే పని మాత్రం 2008 దాకా కొలిక్కి రాలేదు. టంగ్‌స్టన్ గ్రాఫిక్స్‌కు చెందిన థామస్ హెల్‌స్ట్రోమ్ రూపొందించిన టీటీఎమ్ అన్ని రకాల కార్డులకూ సరిపోయేలా విస్తారంగా ఉండగా, ఇంటెల్ ఇంజినీర్లు కీత్ ప్యాకార్డ్, ఎరిక్ ఆన్‌హోల్ట్ తమ కార్డుల అవసరం మేరకు జెమ్ అనే తేలికైన పద్ధతిని ప్రతిపాదించారు. జెమ్ 2008 డిసెంబరు నాటి లైనక్స్ 2.6.28లోనూ, టీటీఎమ్ మరుసటి ఏటి 2.6.31లోనూ చేరాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఒక్క పరికర ఫైలు వెనక వేలకొద్దీ బఫర్లు, అంటే చిత్రాల కోసం కేటాయించిన మెమరీ ముక్కలు, ఉంటాయి. ఎమ్‌మ్యాప్ పిలుపులో వాటిలో ఏది కావాలో చెప్పడానికి చోటు లేదు. అందుకని ఆఫ్‌సెట్‌కే కొత్త అర్థం ఇచ్చారు: గుడి ముందు చెప్పులు దాచినప్పుడు ఇచ్చే బిళ్ల మీది అంకెలాగా, అది దూరాన్ని కాక బఫర్‌ను గుర్తించే సంఖ్యగా మారింది. ఇంటెల్ డ్రైవర్‌లో మాత్రం అంతకుముందే మరో దారి కూడా పెట్టారు. డ్రైవర్‌కు ప్రత్యేకమైన ఒక పిలుపు లోపల, ఎవరికీ కనబడకుండా, కెర్నెలే మ్యాపింగ్ చేసిపెట్టేది. ప్రోగ్రాముల మెమరీ దోషాలు పట్టే వాల్‌గ్రైండ్ వంటి పరికరాలకు ఆ మ్యాపింగ్ అంతుపట్టలేదు. తర్వాతి నిర్వాహకులు ఆ కోడ్ పైన, అప్పట్లో తమకు ఇంతకన్నా తెలియదనీ, కొత్త డ్రైవర్ల రచయితలు దీన్ని నమూనాగా తీసుకోవద్దనీ రాసిపెట్టారు. ప్రోగ్రాములు ఆధారపడిన పిలుపును లైనక్స్ తీసివేయదు కనుక, తప్పు అక్కడే ఉంచి పక్కన హెచ్చరిక నాటడం తప్ప మార్గం లేకపోయింది.

సమీక్షకు అసలు పరీక్ష పెట్టింది లాకుల వరుస. ఒకే సమాచారాన్ని ఇద్దరు ఒకేసారి మార్చకుండా కెర్నెల్ లాకులు వాడుతుంది. మ్యాప్ చేసిన పేజీని ప్రోగ్రాము తొలిసారి తాకినప్పుడు పేజీ ఫాల్ట్ అనే అంతరాయం కలుగుతుంది. మెమరీ విభాగం తన లాకు పట్టుకొని డ్రైవర్‌ను పిలిస్తే, డ్రైవర్ తన లాకు పట్టుకొని పేజీని చూపుతుంది. మరోవైపు, ప్రోగ్రాము నుంచి ఆదేశాలు అందుకొనేటప్పుడు డ్రైవర్ ముందు తన లాకు పట్టుకొని, ఆ తర్వాత ప్రోగ్రాము మెమరీలోంచి సమాచారం కాపీ చేస్తుంది. ఆ కాపీలో పేజీ ఫాల్ట్ వస్తే మెమరీ విభాగపు లాకు కావాలి. రెండు దారులూ ఎదురెదురుగా కలిస్తే ఎవరి చేతిలోది వారు వదలరు, యంత్రం బిగుసుకుపోతుంది. దీన్నే డెడ్‌లాక్ అంటారు. ఈ దోషం ఏ ఒక్క ప్యాచ్‌లోనూ, అంటే సమీక్షకు పంపిన ఏ ఒక్క మార్పులోనూ, కనబడదు, ఎందుకంటే దారుల్లో సగం డ్రైవర్‌లోనూ సగం మెమరీ విభాగంలోనూ ఉంటాయి, రెండింటినీ ఎరిగిన సమీక్షకులు ఎన్నడూ అరుదే. 2006లో ఇంగో మోల్నార్ చేర్చిన లాక్‌డెప్ అనే పరీక్షా సాధనం లాకుల వరుసను నడుస్తూనే గమనించి ఇలాంటి ఎదురుపాటును ముందే పట్టిచ్చేది. 2009లో ఆన్‌హోల్ట్ ఇంటెల్ డ్రైవర్‌లోని కాపీ మార్గాలను, ఫాల్ట్ రాకుండా చేసే వేగమార్గంగానూ, ప్రోగ్రాము పేజీలను ముందే కదలకుండా పట్టి ఉంచి చేసే నెమ్మది మార్గంగానూ విడదీశాడు.

నెమ్మది మార్గం అరుదుగా నడుస్తుంది కనుక అందులో దోషాలు దాగి ఉండేవి. వాటిని బయటికి లాగడానికి ఇంటెల్ బృందం ఒక కొంటె పరీక్ష రాసింది: ఒక బఫర్‌ను మ్యాప్ చేసి, ఆ చిరునామానే తిరిగి డ్రైవర్‌కు సమాచారపు మూలంగా ఇవ్వడం. సాధారణ ప్రోగ్రాము ఏదీ అలా చేయదు, దాడి చేయదలచినవాడు మాత్రం తప్పక చేస్తాడు. 2019లో డేనియల్ వెట్టర్ మరో అడుగు వేసి, సరైన లాకుల వరుసను యంత్రం మొదలవగానే లాక్‌డెప్‌కు నేర్పే కొన్ని వరుసలు ఉమ్మడి కోడ్‌లో చేర్చడంతో, సమీక్షకులు తలలో మోస్తూ వచ్చిన నియమం ఏ డ్రైవర్ ఉల్లంఘించినా తొలిసారే బయటపడేలా మారింది.

హద్దుల ప్రశ్న ఇంత అధునాతనమైనది కాదు కానీ, దెబ్బ అక్కడే గట్టిగా తగిలింది. యూఎస్‌బీ తీగ ద్వారా తెరను నడిపే డిస్‌ప్లేలింక్ పరికరాల డ్రైవర్ 2012లో లైనక్స్ 3.4తో వచ్చింది. అందులోని మ్యాపింగ్ కోడ్ ఆఫ్‌సెట్‌ను, కోరిన పరిమాణాన్ని కూడి, మొత్తం బఫర్ కన్నా ఎక్కువైతే తిరస్కరించేది. చదవడానికి నిర్దోషంగా ఉన్న ఈ వరుసలో, ఆఫ్‌సెట్ మరీ పెద్దదైతే కూడిక యంత్రపు అంకెల హద్దు దాటి మళ్లీ సున్నా దగ్గరికి వచ్చి చిన్న సంఖ్యగా తేలుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. చెక్‌పాయింట్ సంస్థ పరిశోధకుడు ఇయాల్ ఇట్కిన్ 2018లో దీన్ని బయటపెట్టేదాకా, లైనక్స్ 4.15 వరకు, ఆ డ్రైవర్‌ను తెరవగలిగిన వాడుకరి ఎవరైనా కెర్నెల్ పేజీలను చదివి రాసే వీలుండేది. భద్రతా దోషాల ఉమ్మడి జాబితా సీవీఈలో 2018-8781 అన్న సంఖ్య ఈ దోషానిదే. కూడికకు బదులు తీసివేతతో పోల్చడం దీనికి మరమ్మతు. అదే ఏడాది మే నెలలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, ప్రతి డ్రైవర్ రచయితా ఈ లెక్క సరిగా చేస్తాడని నమ్మడం మాని, అతిపెద్ద ఆఫ్‌సెట్లను డ్రైవర్ దాకా రానీయని హద్దును ఎమ్‌మ్యాప్ ఉమ్మడి మార్గంలోనే పెట్టాడు. వెంటనే 32-బిట్ యంత్రాల్లో గ్రాఫిక్స్ డ్రైవర్లు దెబ్బతిన్నాయి: బఫర్లను గుర్తించే సంఖ్యలు 4 గిగాబైట్ల స్థానం నుంచే మొదలవుతాయి గనుక కొత్త హద్దు వాటన్నిటినీ అతిక్రమణలుగా లెక్కగట్టింది. గ్రాఫిక్స్ విభాగపు నిర్వాహకుడు డేవ్ ఎయిర్లీ డీఆర్‌ఎమ్ ఫైళ్లకు మినహాయింపు ఇచ్చే ప్యాచ్ పంపేముందు, తనకు కనిపించిన డ్రైవర్ల మ్యాపింగ్ భాగాలన్నీ మళ్లీ చదవవలసి వచ్చింది. పదేళ్ల కిందటి తెలివైన ఉపాయం ఒక మంచి రక్షణకు అడ్డురావడం ఇక్కడ గమనించదగింది.

ఒక డ్రైవర్ మెమరీని మరొకటి పంచుకొనే డీఎమ్‌ఏ-బఫ్ విధానంతో భారతీయ ఇంజినీర్ల పాత్ర ప్రస్ఫుటమవుతుంది. దాన్ని రూపొందించిన సుమిత్ సెంవాల్ కృషితో అది 2012 మార్చి నాటి లైనక్స్ 3.3లో చేరింది, ఏఎండీ, క్వాల్‌కామ్ సంస్థల హైదరాబాద్ కేంద్రాల్లో గ్రాఫిక్స్, డిస్‌ప్లే డ్రైవర్ల మీద పనిచేసే తెలుగు ఇంజినీర్లకు ఇప్పుడది నిత్యం ఎదురయ్యే సరుకు. తొలి రూపంలో అందులో ఎమ్‌మ్యాప్ లేదు, దానికి కారణముంది. కెమెరా రాసిన బొమ్మను ప్రాసెసర్ చదివేటప్పుడు, ప్రాసెసర్ దగ్గరి వేగవంతమైన తాత్కాలిక నిల్వ అయిన క్యాష్‌లో పాత సమాచారం మిగిలి ఉంటే బొమ్మ చారలు చారలుగా కనిపిస్తుంది. మ్యాపింగ్‌ను కొన్ని నెలలకే అనుమతించారు కానీ, చదవబోతున్నాననీ ముగించాననీ ప్రోగ్రాము తెలియజేసే పిలుపు 2016లో గానీ రాలేదు.

ఓపెన్‌బీఎస్‌డీ 2013లో లైనక్స్ 3.8 నాటి గ్రాఫిక్స్ డ్రైవర్లను దిగుమతి చేసుకుంది; డ్రైవర్ అదే అయినా మెమరీ విభాగం వేరు గనుక ఫాల్ట్ మార్గమంతా తిరిగి రాయవలసి వచ్చింది, ఒక చోట జరిగిన సమీక్ష మరో చోట చెల్లుబాటు కాలేదు.

లైనక్స్‌లో ఈ ఆచారానికి లిఖిత రూపం కూడా క్రమంగా వచ్చింది. ప్యాచ్ రచయిత సంతకం 2004 నుంచి తప్పనిసరి కాగా, సమీక్షకుడు పేరు పెట్టి హామీ ఇచ్చే రివ్యూడ్-బై వరుస తర్వాత చేరింది. గ్రాఫిక్స్ విభాగం వీటికి మరో షరతు కలిపింది: కెర్నెల్‌లో కొత్త పిలుపు కావాలంటే దాన్ని వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ముందే సిద్ధమై సమీక్ష పొంది ఉండాలి. ఇంటెల్ పాత మ్యాపింగ్ పిలుపు వంటి తొందరపాట్ల తర్వాత ఆ షరతు కఠినంగా తోచదు.

2019 తర్వాత డ్రైవర్లు తమ సొంత మ్యాపింగ్ కోడ్ మాని ఉమ్మడి సహాయక ఫంక్షన్లకు మారడం వేగం పుంజుకుంది. 2023లో సురేన్ బాగ్దసార్యన్, మ్యాపింగ్ లక్షణాలను సూచించే జెండాలను డ్రైవర్లు నేరుగా మార్చకుండా, లాకు ఉందో లేదో చూసే చిన్న ఫంక్షన్ల గుండానే మార్చేలా కెర్నెల్ అంతటా సవరణలు చేశాడు. అయితే ప్రశ్న ఉమ్మడి కోడ్‌లోకి చేరినప్పుడు దానితోపాటు మరుపు కూడా ఉమ్మడి అవుతుంది. ప్రైవేటు మ్యాపింగ్, అంటే రాసిన మార్పులు ఆ ప్రోగ్రాముకే పరిమితమయ్యే మ్యాపింగ్, కోరి, రాసేటప్పుడు నకలు తీసే పద్ధతిలో పేజీని తాకితే కెర్నెల్ కుప్పకూలే దోషం 2024లో ఆ సహాయక ఫంక్షన్లలోనే బయటపడి, సీవీఈ-2024-39497గా నమోదైంది. ఒక్క డ్రైవర్‌కు పరిమితం కావలసిన లోపం ఆ ఫంక్షన్లను వాడే డ్రైవర్లన్నిటికీ పాకింది, అలాంటి మ్యాపింగ్‌ను మొదట్లోనే తిరస్కరించే చిన్న పరీక్షతో వాటన్నిటికీ ఒకేసారి నయమైంది.