తెప్ప వెనక చెక్క: పెద్ద జాలారిపేట ఇంజిన్ల కథ

విశాఖపట్నంలోని పెద్ద జాలారిపేట తెప్పకు ఒకప్పుడు వెనక గోడంటూ లేదు. తేలికపాటి దుంగలను చెక్కి, రెండు సగాలుగా చేసి, వేటకెళ్ళే ముందు వాటిని తాళ్ళతో కలిపి బిగించేవారు. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి రెండు సగాలనూ ఇసుక మీద ఆరబెట్టేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలో మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హోర్నెల్, గంజాం, విశాఖపట్నం తీరాల తెప్పను దక్షిణాది కట్టుమరం నుంచి వేరుచేసి వర్ణించాడు. మా తెప్ప చూడ్డానికి పడవకు దగ్గరగా ఉంటుంది. అయినా పడవ కాదు. కెరటం ఎక్కితే దుంగల సందుల్లోంచి నీళ్ళు కిందికి జారిపోతాయి, తోడిపోసే పనే ఉండదు. లాసన్స్ బే దగ్గర విరిగే కెరటాల్లోంచి రోజూ వెళ్ళి రావలసిన మనుషులకు అంతకన్నా తగిన సాధనం ఇంకోటి లేదు.

అలాంటి తెప్పకు ఇంజిన్ పెట్టాలంటే దేన్ని పట్టుకుని బిగించాలి? మా పేట ఇటీవలి చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టూనే నడిచిందని నేను నమ్ముతాను. విశాఖపట్నం గురించి రాసేవాళ్ళు 1933లో ఓడరేవు ప్రారంభమవడం దగ్గర మొదలుపెట్టి ఉక్కు కర్మాగారం దాకా వస్తారు. తెప్ప వెనక భాగంలో జరిగిన మార్పులు ఎవరి పుస్తకంలోకీ ఎక్కలేదు. పేటలో తిండి, అప్పు, పనివేళలు, చివరికి చట్టం దృష్టిలో మా స్థానం కూడా ఆ మార్పులతోనే మారాయి.

అవుట్‌బోర్డ్ ఇంజిన్ మా సముద్రం కోసం పుట్టింది కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు సరస్సుల దగ్గర ఓలే ఎవిన్‌రూడ్ 1909లో దాన్ని అమ్మకానికి తెచ్చాడు. వెనక భాగం చదునుగా కోసేసినట్టుండే చిన్న పడవ దానికి లెక్క. రెండు మరలు తిప్పి ఆ చెక్కకు బిగిస్తే చాలు. ఆ చెక్కే మా తెప్పకు లేదు. అందుకే మొదట్లో దుంగల చివర అడ్డంగా ఒక గట్టి కర్ర, దాని మీద నిలువు చెక్క కట్టి ఇంజిన్ తగిలించారు. కట్టు ఎంత బిగించినా కెరటం దెబ్బకు సడలేది. దుంగలు దేనికవి కదులుతాయి, ఇంజిన్‌కేమో కదలని ఆధారం కావాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరదు.

ఫైబర్ తెప్ప వచ్చాక ఆ పొత్తు కుదిరింది. మంచి దుంగలు దొరకడం కష్టమైపోయిన కాలంలోనే అదీ వచ్చింది. ఆకారం పాత తెప్పదే, ముందు కొస తేలి, నడుము సన్నగా. వెనక మాత్రం కోసి చదును చేశారు. లోపల ప్లైవుడ్, బయట ఫైబర్ పొరలు. 2004 సునామీ తర్వాత తూర్పు తీరమంతటా ఫైబర్ పడవలు పెద్ద ఎత్తున పంచడంతో ఆ మార్పు ఇక వెనక్కి తిరగలేదు. పంపిణీ తొందరలో కట్టినవాటిలో కొన్నింటికి వెనక చెక్క పలచనగా ఉండేది. వాటిని మళ్ళీ కోసి కట్టడంతోనే ఒడ్డు మీద ఫైబర్ మేస్త్రీల చేయి తిరిగింది.

ఆ చెక్క మీద పడే భారం ఎలాంటిదో చెబితేగాని వాళ్ళ పని విలువ అర్థం కాదు. తొమ్మిది, పది హెచ్‌పీ ఇంజిన్ బరువు ముప్పై, నలభై కిలోల మధ్య ఉంటుంది. అసలు దెబ్బ బరువుది కాదు. నీళ్ళలో ఫ్యాను ముందుకు తోస్తుంటే ఇంజిన్ బ్రాకెట్ కింది అంచు చెక్కను లోపలికి నొక్కుతుంది, పై అంచు వెనక్కి లాగుతుంది. అంటే పై బోల్టులు ఎప్పుడూ ఊడిరావడానికే చూస్తుంటాయి. ఇక తెప్ప కెరటం మీంచి దూకినప్పుడు ఫ్యాను గాల్లో గిర్రున తిరిగి, మళ్ళీ నీళ్ళను ఒక్కసారిగా పట్టుకుంటుంది. ఆ కుదుపు రోజుకు ఎన్నిసార్లో!

బోల్టు రంధ్రంలోకి చుక్క చుక్కగా నీరు చేరితే లోపలి ప్లైవుడ్ పుచ్చిపోతుంది. బయటి ఫైబర్ మాత్రం కొత్తగానే మెరుస్తుంటుంది. మేస్త్రి స్పానర్ వెనక్కి తిప్పి చెక్క పొడుగునా కొట్టుకుంటూ పోతాడు. గట్టిచోట గణగణమని మోగుతుంది, పుచ్చినచోట మూగగా పలుకుతుంది. అక్కడ లోపలి పొర కోసి, నల్లబడ్డ ముక్కలన్నీ గీకేసి, బాగా ఆరనిచ్చి కొత్త ప్లైవుడ్ దింపుతాడు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే వాడాలి. ఇంటి బీరువాలకు వాడే రకం సముద్రంలో పొరలు పొరలుగా విడిపోతుంది. దాని మీద ఫైబర్ మ్యాట్, రెజిన్, మళ్ళీ మ్యాట్. చెక్క నుంచి అడుగు దాకా, పక్కగోడల దాకా మూల ఊతాలు వేస్తాడు. ఊతాలు లేకపోతే ఎంత మందం చెక్కయినా మొదలు దగ్గర చీలుతుంది. బోల్టు రంధ్రాన్ని కాస్త పెద్దగా తొలిచి, రెజిన్‌తో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో మళ్ళీ తొలవడం ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చే జాగ్రత్త. అలా చేస్తే బోల్టు చుట్టూ ఎక్కడా చెక్క నీటికి తగలదు.

ఎత్తు సంగతి వేరే పెద్ద తగాదా. ఇంజిన్ కాలు రెండు కొలతల్లో దొరుకుతుంది, పదిహేను అంగుళాలకు పొట్టిది, ఇరవై అంగుళాలకు పొడుగుది. ఫ్యాను పైన ఉండే అడ్డ పలక పడవ అడుగుకు సమంగానో, అంగుళం కిందకో ఉండాలి. పొట్టి కాలుకు చెక్క తగ్గించి కోస్తే వెనక నుంచి తరిమే కెరటం నేరుగా ఇంజిన్ మీద పడుతుంది. చెక్క ఎత్తుగా కట్టి పొట్టి కాలే పెడితే ఫ్యాను నీటికి అందదు. ఎత్తు చెక్కకు పొడుగు కాలు బిగిస్తే అన్నీ బాగుంటాయి, ఇంజిన్ పైకెత్తడం ఒక్క క్షణం ఆలస్యమైతే కాలు ఇసుకలో దిగుతుందన్న భయం తప్ప. మా గట్టుకు ఎత్తు చెక్కే సరైనదని నా అభిప్రాయం. ఇసుకకు తగిలితే ఫ్యాను పిన్ను విరుగుతుంది, దాన్ని మార్చుకోవచ్చు. కెరటాల నడుమ ఇంజిన్ ఆగిపోతే మనుషులే పోతారు.

ఆ ఇసుక కూడా ఒకలా ఉండదు. తీరం వెంట నైరుతి కాలంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. డాల్ఫిన్ నోస్ కొండ పక్కన 1970లలో ఔటర్ హార్బర్ గోడలు లేచాక ఆ నడక తెగింది. అక్కడ పోగయ్యే ఇసుకను తవ్వి ఆర్కే బీచ్ వైపు పోస్తున్నారు. గట్టు నిటారుగా కోసుకుపోతే కెరటం ఒడ్డుకు మరీ దగ్గరగా విరుగుతుంది, ఇంజిన్ ఆపి, పైకెత్తి, తెడ్డు అందుకునే వ్యవధి తగ్గిపోతుంది. ఓడరేవు గోడకూ మా ఇంజిన్ చెక్క ఎత్తుకూ సంబంధం అలా కలిసింది.

ఇంజిన్‌ను శాశ్వతంగా బోల్టులతో బిగించాలా, చేతిమరలతోనే ఉంచాలా అన్నది ఇప్పటికీ తేలలేదు. బోల్టు గట్టి. చేతిమర అయితే వేట నుంచి రాగానే ఇంజిన్ విప్పి, కర్రకు కట్టి ఇద్దరు ఇంటికి మోసుకుపోవచ్చు. డ్రమ్ములో మంచినీళ్ళు పోసి అందులో తిప్పి లోపలి ఉప్పు కడగవచ్చు. అందుకే చాలామంది చేతిమరే ఉంచుకుని, అది కొరికే చోట రేకు ముక్క వేసి, ఇంజిన్ నుంచి తెప్పకు విడిగా ఒక తాడు కడతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా మీదికి వచ్చినప్పుడు తెప్పలను ఎంత పైకి లాగినా లాభం లేకపోయింది. ముందే విప్పి ఇంటికి చేర్చుకున్న ఇంజిన్లే మళ్ళీ వేటకు ఆధారమయ్యాయి.

చట్టం మాట పైన అన్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఇంజిన్ ఉన్న పడవలన్నిటికీ వర్తిస్తుంది. తెడ్డు, తెరచాపలతో నడిచే తెప్పకు వర్తించదు. వెనక చెక్క వచ్చాక మేం ఆ జాబితాలో చేరాం. వంజరం చేపల కోసం దూరం వెళ్ళే శక్తి వచ్చింది, ఏడాదిలో రెండు నెలలు ఒడ్డున కూర్చోవడమూ వచ్చింది. చెక్కల మరమ్మతులన్నీ ఇప్పుడు ఆ రోజుల్లోనే. మే నెల మధ్యాహ్నపు ఎండకు రెజిన్ గిన్నెలోనే గడ్డకడుతుంది కాబట్టి మేస్త్రీలు హార్డ్‌నర్ తగ్గించి, తెల్లవారుజామునే పని మొదలుపెడతారు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ అదే శక్తికి పాత రెండు స్ట్రోకుల దానికన్నా బరువెక్కువ. అది కొన్నవాళ్ళు నిషేధ కాలంలో చెక్కకు ఇంకో ప్లైవుడ్ పొర వేయించుకుని, వెనక దిగకుండా నూనె డబ్బాను నడుము దాకా ముందుకు జరుపుకుంటున్నారు.