శ్వాస పరికరాలు: వాడకం, సంరక్షణ

విషవాయువులు, పొగ కమ్ముకున్న చోట, ఆక్సిజన్ చాలని చోట చుట్టూ ఉన్న గాలితో నిమిత్తం లేకుండా ఊపిరి తీసుకోవడానికి ధరించే సాధనం శ్వాస పరికరం. అగ్నిమాపక సిబ్బంది, గనుల రెస్క్యూ దళాలు, రసాయన పరిశ్రమల కార్మికులు దీన్ని వాడతారు. ఫైర్ స్టేషన్లలో దీని వాడుక పేరు ‘బీఏ సెట్’. మన దేశంలో దీనికి వర్తించే ప్రమాణం ఐఎస్ 10245.

ఫిల్టర్ బిగించిన గ్యాస్ మాస్కు కూడా ఇలాంటిదేనని చాలామంది అనుకుంటారు. ప్రాణాలు పోయేది ఇక్కడే. ఫిల్టర్ ఉన్న గాలిని వడకడుతుంది, లేని గాలిని ఇవ్వలేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. అది 19.5 శాతం కంటే తగ్గితే ఆక్సిజన్ కొరత ఉన్నట్టేనని అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు చెబుతాయి. అలాంటి చోట ఎంత ఖరీదైన ఫిల్టర్ మాస్కయినా ముఖానికి బరువు తప్ప ఎందుకూ పనికిరాదు.

ముక్కును నమ్ముకోవడమూ అంతే ప్రమాదం. సెప్టిక్ ట్యాంకుల్లో, మ్యాన్‌హోళ్లలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. గాలిలో అది పది లక్షల పాళ్లలో 100 పాళ్లకు చేరేసరికి వాసన పసిగట్టే శక్తే మొద్దుబారుతుంది. వాసన ఆగిందంటే గ్యాస్ పోయిందని కాదు, పెరిగి ఉండవచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే లేదు. అందువల్ల పరికరం తగిలించుకోవడానికి ముందే గ్యాస్ డిటెక్టర్‌తో లోపలి గాలిని కొలవాలి. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి, ఎందుకంటే బరువైన వాయువులు అడుగున పేరుకుంటాయి.

రకాలు

పీల్చిన ఆక్సిజన్‌నే శుద్ధి చేసి మళ్లీ వాడుకునే పరికరాన్ని ఇంగ్లండ్‌కు చెందిన హెన్రీ ఫ్లూస్ 1870ల చివర్లో రూపొందించాడు. సెవర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగాన్ని నీరు ముంచెత్తినప్పుడు, 1880లో డైవర్ అలెగ్జాండర్ లాంబర్ట్ దీన్ని ధరించి లోపలికి వెళ్లి ఇనుప తలుపు మూసివచ్చాడు. 1906 మార్చి 10న ఫ్రాన్స్‌లోని కురియేర్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 1,099 మంది చనిపోయారు. అక్కడికి జర్మనీ నుంచి రెస్క్యూ దళాలు శ్వాస పరికరాలతో తరలివచ్చాయి. ఆ పరికరాలు తయారుచేసిన డ్రేగర్ కంపెనీ పేరు మీద ఉత్తర అమెరికాలో గని రక్షకులను ‘డ్రేగర్‌మెన్’ అనడం అలవాటైంది.

గనుల్లో ఇప్పటికీ ఈ మూసిన వలయం పద్ధతే వాడతారు. వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సోడాలైమ్ పీల్చుకుంటుంది, చిన్న సిలిండర్ కొత్త ఆక్సిజన్ కలుపుతుంది. దీనితో నాలుగు గంటల వరకు పనిచేయవచ్చు. సింగరేణి లాంటి గనుల్లో రెస్క్యూ ఏర్పాట్లు ఎలా ఉండాలో 1985 నాటి గనుల రెస్క్యూ నియమాలు నిర్దేశిస్తాయి. కార్మికుల నడుముకు ఉండే సెల్ఫ్ రెస్క్యూయర్ వేరు. అది తప్పించుకుని బయటపడటానికే, దానితో పనిచేయకూడదు.

అగ్నిమాపక దళాలది తెరిచిన వలయం. సిలిండర్‌లోని గాలిని పీల్చి బయటికి వదిలేయడమే. మాస్కు లోపల ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువగా ఉంచుతారు కనుక చిన్న సందు ఉన్నా గాలి బయటికి పోతుందే గాని విషవాయువు లోపలికి రాదు. మూడో రకం ఎయిర్‌లైన్. బయటి నుంచి గొట్టం ద్వారా గాలి వస్తుంది, కాబట్టి కాలపరిమితి బాధ తక్కువ. గొట్టం నలిగినా, తెగినా బయటపడటానికి నడుముకు చిన్న సిలిండర్ తప్పనిసరి.

గాలి లెక్క

బీఏ సెట్‌లో ఎక్కువగా కనిపించే కార్బన్ కాంపోజిట్ సిలిండర్ 6.8 లీటర్లది. 300 బార్ ఒత్తిడితో నింపితే స్థూలంగా 2,000 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 50 నిమిషాలు రావాలి. కాగితం మీద లెక్క ఇది. మెట్లెక్కుతూ, గొట్టం లాగుతూ, భయపడుతూ ఉన్న మనిషి అంతకు రెట్టింపు పీల్చగలడు. అప్పుడు 25 నిమిషాలే. సిలిండర్ మీద రాసి ఉన్న నిమిషాలను నమ్మి లోపలికి వెళ్లడం అజ్ఞానం.

ఒత్తిడి 50-55 బార్లకు పడిపోగానే విజిల్ మోగుతుంది. అది మోగాక బయలుదేరుదామనుకుంటే ఆలస్యమైనట్టే. జర్మన్ అగ్నిమాపక దళాల నియమం దీనికి మంచి జవాబు: వెళ్లడానికి అయిన గాలికి రెట్టింపు తిరుగు ప్రయాణానికి అట్టిపెట్టాలి. 300 బార్‌తో బయలుదేరి పనిచోటికి చేరేసరికి 240 చూపిస్తే ఖర్చు 60. అంటే గేజీ 120కి రాకముందే వెనుదిరగాలి. ఒంటరిగా లోపలికి పోకూడదు. ఎవరు ఎన్ని గంటలకు, ఎంత ఒత్తిడితో వెళ్లారో రాసుకునే మనిషి ఒకరు, పరికరాలు తగిలించుకుని సిద్ధంగా ఉన్న జంట ఒకటి బయట ఉండాలి. పడిపోయినవారి కోసం వట్టి ముఖంతో దిగిన తోటివారే ఇలాంటి ప్రమాదాల్లో మృతుల సంఖ్యను పెంచుతున్నారు.

ధరించే ముందు, విప్పిన తర్వాత

ముందుగా గేజీ చూడాలి, నిండు ఒత్తిడిలో 90 శాతానికి తక్కువైతే ఆ సిలిండర్ పక్కన పెట్టాలి. వాల్వు తెరిచి, మళ్లీ మూసి ఒక నిమిషం గమనిస్తే ముల్లు 10 బార్ల కంటే ఎక్కువ దిగకూడదు. తర్వాత మెల్లగా గాలి వదులుతూ విజిల్ సరైన ఒత్తిడికే మోగుతోందో లేదో వినాలి. మాస్కు తగిలించుకున్నాక వాల్వు మూసి ఊపిరి పీలిస్తే మాస్కు ముఖానికి అతుక్కోవాలి. రెండు రోజుల గడ్డం చాలు, ఆ పట్టు సడలడానికి. మీసం సంగతి పట్టించుకోని శిక్షకులు గడ్డం విషయంలో రాజీపడకపోవడానికి కారణం రబ్బరు అంచు గడ్డం మీదుగా పోవడమే.

పని అయ్యాక మాస్కును గోరువెచ్చని నీటిలో తేలికపాటి సబ్బుతో కడిగి, క్రిమిసంహారకంలో ముంచి, నీడలో ఆరబెట్టాలి. ఎండ తగిలితే రబ్బరు బిరుసెక్కుతుంది. పట్టీలు పట్టి కొక్కేనికి వేలాడదీస్తే అంచు ఆకారం చెడుతుంది. ఊపిరి వదిలే వాల్వులో వెంట్రుక ఇరుక్కున్నా అది సరిగా మూసుకోదు. ఖాళీ సిలిండర్ వాల్వు తెరిచి పడేస్తే లోపలికి తేమ చేరుతుంది. ఆక్సిజన్ సెట్ల దగ్గరకు నూనె, గ్రీజు రానివ్వకూడదు, అధిక ఒత్తిడి ఆక్సిజన్‌లో అవి భగ్గుమంటాయి. సోడాలైమ్‌ను పది నిమిషాలే వాడినా మళ్లీ వాడకూడదు. అత్యవసరాల కోసం ఉంచిన సెట్లను కనీసం నెలకోసారి తెరిచి చూసి రిజిస్టరులో రాయాలి. ఈ పని చాలాచోట్ల సంతకాలకే పరిమితమైపోవడం విచారకరం.

చట్టం

2013లో వచ్చిన పాకీ పని నిషేధ చట్టం కింది నియమాలు, మురుగు కాల్వలోకి తప్పనిసరై దిగాల్సిన కార్మికుడికి యజమాని ఇవ్వాల్సిన రక్షణ సామగ్రిలో శ్వాస పరికరాలనూ చేర్చాయి. బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు ఇస్తూ, మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. 2023 అక్టోబరు 20న మరో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.