నూనెగింజల మొలకలో కణాంగాల పొత్తు: పరిశోధన చరిత్ర

ఆముదం, వేరుశనగ, నువ్వులు, ఆవాలు, దోస వంటి గింజలు తమ ఆహారాన్ని ప్రధానంగా నూనె రూపంలో దాచుకుంటాయి. నూనె నీటిలో కరగదు కాబట్టి వేరు కొసకూ చిగురుకూ దాన్ని అలాగే చేరవేయడం కుదరదు. ఆకులు పచ్చబడి సొంతంగా ఆహారం తయారుచేసుకునే దాకా మొలక ఆ నూనెను సుక్రోజు చక్కెరగా మార్చుకుంటూ బతుకుతుంది. ఈ మార్పును ఏ ఒక్క కణాంగమూ మొదటినుంచి చివరిదాకా చేయదు. ఏ అంచె ఎక్కడ జరుగుతుందో తేల్చడానికి సుమారు నూటయాభై ఏళ్లు పట్టింది.

మొలకెత్తే నూనెగింజల్లో నూనె తరిగేకొద్దీ పిండిపదార్థం కనబడుతుందని జర్మన్ వృక్షశాస్త్రవేత్త జూలియస్ సాక్స్ 1859లో రాశాడు. 1890లో రేనాల్డ్స్ గ్రీన్ ఆముదపు మొలకలో కొవ్వును విడగొట్టే ఎంజైమును గుర్తించాడు. 1902 నాటికి దాన్ని పరిశ్రమలో కొవ్వులు విడగొట్టడానికి వాడే ప్రయత్నాలూ మొదలయ్యాయి. విడివడిన కొవ్వు ఆమ్లం చక్కెరగా ఎలా మారుతుందన్నది మాత్రం తెలియలేదు. చిక్కు శ్వాసక్రియలో భాగమైన క్రెబ్స్ చక్రంలోనే ఉంది. కొవ్వు ఆమ్లం నుంచి తెగి అందులోకి అసిటైల్‌గా ప్రవేశించే రెండు కార్బన్లకు బదులు రెండు కార్బన్లు బొగ్గుపులుసు వాయువుగా వెళ్లిపోతాయి. చక్కెర కట్టడానికి మిగులేమీ ఉండదు.

1957లో హాన్స్ కోర్న్‌బర్గ్, హాన్స్ క్రెబ్స్ బాక్టీరియాలో ఒక అడ్డదారిని కనుగొన్నారు. ఐసోసిట్రేట్ లయేజ్, మాలేట్ సింథేజ్ అనే రెండు ఎంజైములు ఆ రెండు కార్బన్లు పోయే మెట్లను దాటవేస్తాయి. ఇదే గ్లైఆక్సిలేట్ చక్రం. అదే ఏడాది కోర్న్‌బర్గ్, హ్యారీ బీవర్స్ ఆముదపు మొలకలోనూ ఈ చక్రాన్ని చూపించారు. లెక్కప్రకారం ఈ దారిలో అసిటేట్ కార్బన్లలో నాలుగింట మూడు వంతులు చక్కెరకు దక్కుతాయి.

ఆముదాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. గింజ బరువులో దాదాపు సగం నూనె. దాని అంకురచ్ఛదం పెద్దది, పచ్చబడదు, నూనెను చక్కెరగా మార్చి మొలకకు అందించి చివరకు నశిస్తుంది. పాలమూరు, నల్గొండ మెట్టపొలాల్లో నూనె కోసం పండించే ఈ పంట జీవరసాయనశాస్త్రానికి ఇంతటి ఉపకారం చేసింది.

గ్లైఆక్సిలేట్ చక్రపు ఎంజైములు మైటోకాండ్రియాలో ఉంటాయనే చాలామంది అనుకున్నారు. 1967లో బ్రైడెన్‌బాక్, బీవర్స్ ఆముదపు అంకురచ్ఛదాన్ని నలిపి, చిక్కదనం క్రమంగా పెరిగే సుక్రోజు ద్రావణంలో అపకేంద్ర యంత్రంతో వేగంగా తిప్పారు. మైటోకాండ్రియా ఘన సెంటీమీటరుకు 1.19 గ్రాముల సాంద్రత దగ్గర ఆగాయి. గ్లైఆక్సిలేట్ చక్రపు ఎంజైములు మాత్రం 1.25 దగ్గర వేరే పట్టీగా తేలాయి. ఆ పట్టీలోని కణాంగాలే గ్లైఆక్సిసోములు. ఇవి క్రిస్టియన్ ద డ్యూవ్ వివరించిన పెరాక్సిసోములలో ఒక రకం. కొవ్వు ఆమ్లాలను రెండేసి కార్బన్లుగా తెంచే బీటా ఆక్సీకరణం కూడా వీటిలోనే జరుగుతుందని 1969లో కూపర్, బీవర్స్ చూపించారు. ఆ చర్యలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడును అక్కడే ఉన్న కెటలేజ్ అనే ఎంజైము విరుస్తుంది. ఎలుక కాలేయపు పెరాక్సిసోముల్లో ఇలాంటి ఆక్సీకరణం 1976లో గానీ బయటపడలేదు. ఈ విషయంలో జంతువు కంటే గింజే ముందు దారి చూపింది.

పని అంతటితో తీరదు. గ్లైఆక్సిలేట్ చక్రంలో తయారై గ్లైఆక్సిసోము నుంచి బయటికొచ్చే సక్సినేటు మైటోకాండ్రియాలోకి వెళ్లి మాలేటు అవుతుంది. అది కణద్రవంలో ఆక్సాలోఅసిటేటుగా మారాక, ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ కార్బాక్సికైనేజ్ అనే ఎంజైము దాన్ని చక్కెర దారి పట్టిస్తుంది. గ్లైఆక్సిలేట్ చక్రానికి కావలసిన అకొనిటేజ్ అనే ఎంజైము సైతం ప్రధానంగా గ్లైఆక్సిసోము బయట, కణద్రవంలోనే ఉందని తరువాత తేలింది.

దోస బీజదళాల విషయంలో మరో వివాదం నడిచింది. అవి నేలపైకి వచ్చి పచ్చబడతాయి. అప్పుడు పాత గ్లైఆక్సిసోములు నశించి ఆకు పెరాక్సిసోములు కొత్తగా పుడతాయా, లేక ఉన్నవే మారతాయా? ఉన్నవే మారతాయని 1971లో ట్రెలీస్ బృందం వాదించింది. 1985లో టైటస్, బెకర్ బంగారు రేణువులు తగిలించిన ప్రతిదేహాలతో రెండు దశల ఎంజైములనూ ఒకే కణాంగంలో చూపించడంతో ఆ వాదం నిలబడింది.

తరువాతి కథ ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మొక్కది. కొవ్వు ఆమ్లాలను పెరాక్సిసోములోకి చేర్చే వాహక ప్రోటీనును 2001, 2002లలో మూడు బృందాలు వేర్వేరుగా గుర్తించాయి. నూనె బిందువు మీద ట్రైగ్లిసరైడును, అంటే నూనె అణువును, విడగొట్టే ముఖ్యమైన లైపేజ్ ఎస్‌డీపీ1 అని 2006లో పీటర్ ఈస్ట్‌మండ్ తేల్చాడు.

అయితే ఒక ఫలితం గ్లైఆక్సిలేట్ చక్రం లేనిదే మొలక రాదన్న పాత నమ్మకాన్ని కుదిపింది. ఐసోసిట్రేట్ లయేజ్ లేని అరబిడాప్సిస్ గింజలు మొలకెత్తుతాయని 2000లో తేలింది. వెలుతురు చాలని చోట ఆ మొలకలు నిలదొక్కుకోలేవు, అంతే. గ్లైఆక్సిలేట్ చక్రం తెగినా పెరాక్సిసోములో తయారైన సిట్రేటు మైటోకాండ్రియాకు చేరి శ్వాసక్రియకు ఇంధనమవుతుంది. ఆ సిట్రేటును తయారుచేసే పెరాక్సిసోమల్ ఎంజైము లేని గింజలు మాత్రం బయటినుంచి చక్కెర ఇచ్చి, బీజకవచం తీసేస్తే తప్ప మొలకెత్తవని 2005లో వెల్లడైంది. చక్కెర తయారీ కంటే ఈ సిట్రేటు రవాణాయే మొలకకు ప్రాణాధారమని ఆ రెండు ప్రయోగాలూ కలిపి చూస్తే అర్థమవుతుంది.

ఈ కణాంగాలు ఒకదానికొకటి ఎలా తగులుతాయన్నది ఇటీవలి అధ్యయనం. ఎస్‌డీపీ1 మొదట పెరాక్సిసోము పైపొర మీద ఉండి, దాని నుంచి సాగే సన్నని గొట్టాల ద్వారా నూనె బిందువుకు చేరుతుందని 2015లో ప్రకటించారు. మరుసటి ఏడాది వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, తయారైన సుక్రోజే పెరాక్సిసోములకూ నూనె బిందువులకూ మధ్య స్పర్శను తగ్గిస్తుంది.