ఆదియు సృష్టియు

విశ్వమున కాది కలదా? కలదేని దానికిఁ గర్త కలఁడా? ఈ రెండు ప్రశ్నలు తఱచుగా నొక్కటిగనే తలంపఁబడుచుండును. శబ్దవిచారము చేసినచో భేదము తేటపడును. సృజధాతువు సకర్మకము, సృష్టి యనఁగనే సృజించువాఁ డపేక్షితుఁ డగును. ఆదిశబ్దమున కట్టి యపేక్ష లేదు.

ఈ భేదమును శాస్త్రమునందుఁ బాటించినవాఁడు బెల్జియము దేశస్థుఁడగు జార్జి లెమెత్రు. ఈతఁడు 1923లో గురుపట్టము నందిన కాథలిక మతాచార్యుఁడు. లూవేను విశ్వవిద్యాలయమున నధ్యాపకుఁడు. ఐన్‌స్టీను సమీకరణములనుండి విశ్వము విస్తరించుచున్నదని 1927లో సాధించి, ఆ విస్తారమునకు మూల మొక యాదిమపరమాణువని 1931లో నూహించెను. మతకథయే గణితవేషమున వచ్చినదని కొందఱు శంకించిరి. ఫ్రెడ్ హాయిలు 1949లో రేడియో ప్రసంగమున నీ వాదమును బిగ్ బ్యాంగ్ అని పేర్కొనెను. ఆ పేరే నిలిచినది.

ఆ శంకకు బలమిచ్చినది స్వపక్షమే. 1951 నవంబరు 22న పన్నెండవ పయస్ పోపు తన వైజ్ఞానిక పరిషత్తునందుఁ బ్రసంగించుచు, నవీనశాస్త్రము సృష్టికర్తకు సాక్ష్యమిచ్చుచున్నదని పలికెను. లెమెత్రు దీనికి సంతసింపలేదు. మఱుసటి యేఁట రోమున ఖగోళజ్ఞుల నుద్దేశించి మాటాడినపుడు పోపు ఆ వాదము నెత్తలేదు. 1958లో సాల్వే సభయందు లెమెత్రు, తన సిద్ధాంతము మతప్రశ్నకు వెలుపలిదనియు, నీశ్వరుని నిరాకరింప భౌతికవాదికిఁ గల స్వేచ్ఛ దీనివలనఁ బోదనియు స్పష్టపఱిచెను.

1965లో పెంజియాసు, విల్సనులు ప్రకటించిన యాకాశవ్యాప్త సూక్ష్మతరంగ వికిరణము విశ్వముయొక్క తొలి యుష్ణదశకు సాక్ష్యమయ్యెను. 1966లో మరణమునకుఁ గొంచెము ముందు లెమెత్రు ఈ వార్త వినెను. ఆ కిరణములు పూర్వదశను దెలిపినవే కాని కర్త కలఁడనియుఁ జెప్పలేదు, లేఁడనియుఁ జెప్పలేదు. తన విశ్వాసమునకుఁ దన గణితమును సాక్షిగాఁ బిలువకుండుటయే యీ మతాచార్యుని శాస్త్రనిష్ఠ.