జ్వాల గుండా లేజర్ కిరణం: ఆటంకం నుంచి ఆధారం వరకు

భోగిమంటకు అవతల నిలబడిన మనిషిని ఎప్పుడైనా గమనించారా? ఆ రూపం అలలాడినట్లు కనిపిస్తుంది. మనిషి కదలడం లేదు. మంట గుండా మీ కంటికి చేరే కాంతి దారి మారుతోంది. శక్తిమంతమైన లేజర్ కిరణానికీ ఈ ఇబ్బంది తప్పదు. అయితే జ్వాల కలిగించే ఆటంకాలనే శాస్త్రజ్ఞులు జ్వాలను తెలుసుకునే ఆధారాలుగా మార్చుకున్నారు. ఈ భాగంలో మీరు గ్రహించవలసిన ముఖ్యాంశం ఇదే.

ఈ చరిత్ర లేజర్ కంటే నూరేళ్ళు ముందే మొదలైంది. 1859లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్ సూర్యకాంతిని ఉప్పు చేర్చిన జ్వాల గుండా పంపారు. సౌర వర్ణపటంలో పసుపు రంగు చోట ఉన్న నల్లని గీతలను జ్వాల వెలుగు పూడ్చివేస్తుందని మనం అనుకుంటాం. కానీ సూర్యకాంతి బలంగా ఉన్నప్పుడు అవి మరింత నల్లబడ్డాయి. సోడియం తాను వెదజల్లే రంగునే శోషిస్తుందని దీనివల్ల తెలిసింది. సూర్యునిలో సోడియం ఉందని చెప్పడానికి ఇదే ఆధారమైంది.

1960లో మైమన్ కాలిఫోర్నియాలో తొలి రూబీ లేజర్‌ను పనిచేయించారు. 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో సి.కె.ఎన్. పటేల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను రూపొందించారు. ఇటువంటి కిరణానికి జ్వాలలో ఎదురయ్యే మార్పులను మూడుగా చూద్దాం.

మొదటిది వంగడం. ఒకే పీడనం వద్ద 300 కెల్విన్‌ల గాలి సాంద్రతతో పోలిస్తే 2000 కెల్విన్‌ల వాయువు సాంద్రత దాదాపు ఏడో వంతే. అందువల్ల వక్రీభవన గుణకం తగ్గి, కిరణం చల్లని వైపుకు వంగుతుంది. జ్వాల అల్లాడితే కిరణమూ అల్లాడుతుంది.

రెండవది శోషణం. పటేల్ లేజర్ వెలువరించే 10.6 మైక్రోమీటర్ల కాంతిని చల్లని కార్బన్ డయాక్సైడ్ స్వల్పంగానే శోషిస్తుంది. జ్వాలలోని వేడి కార్బన్ డయాక్సైడ్ అణువులు ఎక్కువగా శోషిస్తాయి. ఆ శక్తితో వాయువు ఇంకా వేడెక్కి, కిరణాన్ని వెడల్పు చేస్తుంది. కాబట్టి శక్తి పెంచితే కిరణం సూటిగా దూసుకుపోతుందనుకోవడం పొరపాటు.

మూడవది మసి వెలుగు. దీని ప్రాముఖ్యం తెలియాలంటే ఒక సమస్యను గుర్తుచేసుకోవాలి. ఉష్ణయుగ్మాన్ని జ్వాలలో పెడితే ఆ జ్వాలే చెదురుతుంది. తాకకుండా ఉష్ణోగ్రత కొలిచే మార్గాన్ని రామన్ ప్రభావం చూపింది. 1928లో కలకత్తాలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ దీనిని ద్రవాలలో గుర్తించారు. పరిక్షేపణం చెందిన కాంతిలో అత్యల్ప భాగం తరంగదైర్ఘ్యం మారుతుంది. అందులో అణువుల గుర్తు, ఉష్ణోగ్రత జాడ ఉంటాయి. ఆ సంకేతం బలహీనం కనుక లేజర్ అవసరమైంది. కానీ 1970లలో బలమైన లేజర్ స్పందాలు మసి రేణువులను వేడెక్కించి ప్రకాశింపజేశాయి. ఆ వెలుగులో రామన్ సంకేతం మునిగిపోయేది. తరువాతి కాలంలో అదే వెలుగును మసి పరిమాణం కొలవడానికి వాడుకున్నారు.

ఆలోచించండి: కిర్కాఫ్ ప్రయోగంలోని నల్లని గీతకు, మసి వెలుగుకు మీరు గమనించిన పోలిక ఏమిటి? జవాబును మీ మాటల్లో ఐదు వాక్యాలలో రాయండి.