మోగని గంటకు రెండు అర్థాలు

గడియ, గొళ్ళెం, తాళంకప్ప - ఇవన్నీ దొంగను కొంతసేపు ఆపడానికి ఏర్పడినవి. ఎంత గట్టి తాళమైనా చేయగలిగింది అంతే. తనను ఎవరో పగులగొడుతున్నారని ఇంటివారికి చెప్పడం దానికి చేతకాదు. ఆ పనిని చాలాకాలం కుక్కలు, కావలివాండ్రు చేశారు. కుక్కకు మాంసపు ముక్క మీద ఆశ, కావలివానికి తెల్లవారుజాము నిద్ర - ఈ రెండు సంగతులూ దొంగలకు బాగా తెలుసును. నిద్రపోని కావలివాని కోసం మానవుడు విద్యుచ్ఛక్తిని ఆశ్రయించి నూట డెబ్బై ఏండ్లు దాటింది. నేడు ఇంటికి కెమెరాలు కొనదలచినవారు ముందుగా ఆలోచించవలసిన సంగతి ఆ చరిత్ర తొలినాళ్ళలోనే బయటపడింది.

అమెరికాలో బోస్టన్ నగరానికి చేరువగా సోమర్‌విల్ అనే ఊరున్నది. అక్కడి క్రైస్తవ మతాచార్యుడు ఆగస్టస్ రస్సెల్ పోప్ 1853 జూన్ 21న దొంగల రాకను తెలిపే విద్యుత్ గంటకు పేటెంటు పొందాడు. ఆయన తలుపులకు, కిటికీలకు లోహపు స్పర్శకాలు అమర్చి, వాటిని తీగెలతో ఒక విద్యుద్ఘటానికి కలిపాడు. తలుపు మూసి ఉన్నంతసేపు వలయం తెగి ఉంటుంది. తలుపు తీయగానే వలయం పూర్తి అవుతుంది. విద్యుదయస్కాంతం పనిచేసి సుత్తి గంటను కొడుతుంది. పాఠశాల ప్రయోగశాలలో విద్యుత్ గంటను చూచిన విద్యార్థికి ఇంతకుమించి చెప్పనక్కరలేదు. అయితే పోప్ నేర్పు మరొకచోట ఉన్నది. గంట మోగగానే దొంగ తలుపు మూసివేస్తే ఏమవుతుంది? గోడ మీద అమర్చిన స్ప్రింగు ఒకటి వలయాన్ని అట్లాగే పట్టి ఉంచేది. తలుపు మూసినా గంట ఆగేది కాదు.

పోప్ హక్కులను 1857లో ఎడ్విన్ హోమ్స్ అనే వర్తకుడు కొన్నాడు. ఆయన చేతిలో ఈ పరికరం వ్యాపారమై బోస్టన్ నుండి న్యూయార్కుకు పాకింది. ఇండ్ల నుండి, బ్యాంకుల నుండి తీగెలు లాగి ఒకే కార్యాలయానికి చేర్చి, అక్కడ రాత్రంతా మనుషులను కాపుంచే పద్ధతి క్రమంగా ఏర్పడింది. 1877లో బోస్టన్‌లో హోమ్స్ సంస్థ ఈ దొంగగంట తీగెలకే టెలిఫోనులు తగిలించింది. ప్రపంచంలోని మొట్టమొదటి టెలిఫోను మార్పిడి కేంద్రాలలో అది ఒకటి. పగలు మాటలు, రాత్రి కాపలా! ఒకే తీగె రెండు ఉద్యోగాలు చేసిందన్నమాట.

పోప్ గంటలో ఒక లోపమున్నది. దొంగ లోపలికి రాకముందే తీగెను కత్తిరిస్తే గంట మోగదు. ఘటంలోని ద్రవం ఎండిపోయినా మోగదు. తీగె తుప్పుపట్టి తెగినా అంతే. అనగా మోగని గంటకు రెండు అర్థాలున్నాయి: ఇల్లు క్షేమంగా ఉన్నదని ఒకటి, గంట చచ్చిపోయినదని మరొకటి. ఆ రెండింటిలో ఏది నిజమో నిద్రపోతున్న గృహస్థు ఎట్లా తెలుసుకోగలడు?

దీనికి విరుగుడుగా వచ్చినది సంవృత వలయం. ఇందులో తీగె వెంట ప్రవాహం ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఆ ప్రవాహం వల్ల విద్యుదయస్కాంతం ఒక ఇనుప నాలుకను పట్టి ఉంచుతుంది. తలుపు తెరిచినా, తీగె తెంచినా, ఘటం బలహీనమైనా పట్టు సడలి నాలుక వెనుకకు పడి, వేరొక వలయాన్ని కలిపి గంట మోగిస్తుంది. ఇప్పుడు మౌనానికి అర్థం ఒక్కటే. కాని దీనికి మూల్యమున్నది. రాత్రింబవళ్ళు ప్రవాహం నడుస్తుంటే ఘటంలోని తుత్తునాగం కరిగిపోతూనే ఉంటుంది. 1866 నాటి లెక్లాంషే ఘటం అప్పుడప్పుడు వాడుకునే గంటలకు చక్కగా సరిపోతుంది గాని, ఎడతెగని ప్రవాహానికి త్వరలోనే అలసిపోతుంది. అందుకు తంతి ఆఫీసులలో వాడిన డేనియల్ జాతి ఘటమే తగినది. కావలిని ఎన్నుకోవడమంటే ఆనాడు ఘటాన్ని ఎన్నుకోవడం కూడా!

దొంగలూ ఊరుకోలేదు. తీగె తెంచకుండా, తలుపుకు ఇవతలనే రెండు తీగెలనూ ఒక చిన్న తీగెముక్కతో కలిపితే ప్రవాహం ఆగదు. తలుపు తీసినా గంటకు తెలియదు. దీనికి జవాబుగా తీగె చివర ఒక నిరోధాన్ని ఉంచారు. ఉదాహరణకు 12 వోల్టుల ఘటమాలకు మొత్తం నిరోధం 2400 ఓములైతే ప్రవాహం 5 మిల్లీ ఆంపియర్లు. తీగె తెగితే అది సున్నకు పడుతుంది; మధ్యలో అడ్డతీగె వేస్తే పెరుగుతుంది. ఎటు మారినా గంట మోగేట్లు చేయవచ్చును. ఓమ్ సూత్రం పరీక్షలకే గాక ఇట్లు ఇంటి కాపలాకు కూడా పనికివచ్చింది.

గంట ఎంత నమ్మకమైనదైనా వచ్చినవాడెవడో చెప్పదు. ఆ కొరత తీర్చే ప్రయత్నం న్యూయార్కు నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ఒక నర్సు చేసింది. ఆమె పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. నీగ్రో జాతి అని ఆనాటి పత్రికలు వ్రాసిన ఆఫ్రికన్ అమెరికన్ మహిళ. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ పనివాడు. ఇద్దరివీ వేళాపాళా లేని ఉద్యోగాలు. ఆమె ఒంటరిగా ఉండే రాత్రులు చాలా ఉండేవి. పేటలో నేరాలు పెరిగాయి. పిలిస్తే పోలీసులు రావడానికి చాలాసేపు పట్టేది. ఎవరైనా తలుపు తడితే తలుపు దగ్గరికి పోయి చూడడమే ప్రమాదం. 1966 ఆగస్టు 1న దంపతులిద్దరూ పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1969 డిసెంబరు 2న అది మంజూరయింది. దాని సంఖ్య 3,482,037. పత్రంలో ముందు ఉన్నది భార్య పేరే.

ఆ ఏర్పాటులో తలుపుకు నాలుగు చూపురంధ్రాలున్నాయి. పై రంధ్రం పొడగరులకు, అడుగు రంధ్రం పిల్లలకు. తలుపు వెనుక పెట్టెలో టెలివిజన్ కెమెరా ఒక మోటారు సాయంతో పైకి క్రిందికి జరిగి, కావలసిన రంధ్రం ముందు నిలుస్తుంది. బొమ్మ పడకగదిలోని తెర మీద కనబడుతుంది. మైకు ద్వారా వచ్చినవారితో మాట్లాడవచ్చును. స్నేహితులైతే ఒక మీట నొక్కి గడియ తీయవచ్చును; కానివారైతే మరొక మీట నొక్కి కాపలాదారులకు కబురు పంపవచ్చును. తలుపు తట్టేవారిలో పసిపిల్లలు కూడా ఉంటారన్న ఊహ ఇల్లు నడిపే మనిషికి తట్టినంత సులభంగా కర్మాగారపు ఇంజనీరుకు తట్టదు.

టెలివిజన్ కాపలా అంతకు ముందు లేకపోలేదు. 1942లో జర్మనీలోని పీనెమ్యుండెలో వి-2 రాకెట్టు ప్రయోగాలను దూరం నుండి చూడడానికి వాల్టర్ బ్రూక్ కెమెరాలు అమర్చాడు. కాని ఇంటి తలుపుకు కెమెరా తగిలించే ఆలోచన బ్రౌన్ దంపతులది. పెద్ద కెమెరా, మోటారు, రేడియో పరికరాలు - ఇన్ని కలిసిన సామగ్రి ఆనాటి సామాన్య గృహస్థుకు అందేది కాదు. చిత్రమేమంటే, ఆ పేటెంటు మంజూరైన 1969లోనే బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ కాంతిని విద్యుదావేశంగా మార్చి పోగుచేసే సిలికాన్ పలకను రూపొందించారు. కెమెరా గోరంత కావడానికి అది తొలిమెట్టు. వారికి 2009లో నోబెల్ బహుమానం లభించింది.

ఈనాటి ఇంటి కెమెరా బొమ్మను ఇంటర్నెట్ మీదుగా చేతిలోని ఫోనుకు పంపుతుంది. పోప్ గంటకు పట్టిన పాత జబ్బు ఇక్కడ మరో రూపంలో తిరిగి వచ్చింది. 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట కార్యక్రమం కర్మాగారంలో పెట్టిన సంకేతపదాలను అరవై రకాలకు పైగా వరుసగా ప్రయత్నించి, ఇంటి కెమెరాలలోకి, రౌటర్లలోకి చొరబడింది. ఒక దశలో దానికి లోబడిన పరికరాలు ఆరు లక్షలకు చేరాయి. ఇంటివారికి బొమ్మ మామూలుగానే వస్తుండేది; కెమెరా మాత్రం పరాయివాడి ఆజ్ఞలు పాలిస్తుండేది. ఆ ఏడాది అక్టోబరు 21న అట్టి పరికరాల దాడికి ఒక పెద్ద ఇంటర్నెట్ సంస్థ తట్టుకోలేక, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి చాలామందికి అందలేదు.

కనుక కొనేవారు బొమ్మ స్పష్టతనే కాక, కరెంటు పోతే, తీగె తెగితే, వైఫై ఆగితే పరికరం ఎవరికి ఏమని కబురు చేస్తుందో అంగడివానిని అడగవలసి ఉన్నది. సంకేతపదం మార్చే వీలున్నదా అని కూడా చూడాలి; మిరాయ్ చొరబడిన కెమెరాలలో కొన్నింటికి ఆ వీలే లేదు. ఆ కార్యక్రమం కెమెరా తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉండేది గనుక, ఒకసారి ఆపి మళ్ళీ వెలిగిస్తే తుడిచిపెట్టుకుపోయేది. సంకేతపదం పాతదే అయితే మాత్రం కొద్ది నిమిషాలలోనే తిరిగి వచ్చి చేరేది.